ముడత ఎక్కడిది? పాతబడిన రొమ్ము ఇంప్లాంట్ల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను చెప్పేది రాసుకోండి, నలుగురికీ పంపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వీడియో మాత్రం తియ్యొద్దు. ప్రశ్నలడిగేవాళ్ల మొహాలు బయటికి పోకూడదు.

లోపలికి వస్తూ మీరు డబ్బాలో వేసిన చీటీలు చదివాను. పేరు రాయక్కర్లేదన్నాం కాబట్టి మొహమాటం లేకుండానే రాశారు. క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లూ, అమెరికాలో ఉన్నప్పుడు సైజు కోసం పెట్టించుకుని ఇప్పుడు హైదరాబాద్ వచ్చేసినవాళ్లూ ఎక్కువమంది అడిగింది ఒకటే. మొదట్లో బాగానే ఉండేది, ఇప్పుడు వంగితే పక్కన ముడతలు కనిపిస్తున్నాయి, చేత్తో తడిమితే గీతల్లా తగులుతున్నాయి, ఏం చెయ్యాలి అని. డాక్టర్లం దీన్ని రిప్లింగ్ అంటాం. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

ముందు భయం సంగతి తీసేద్దాం. రిప్లింగ్ జబ్బు కాదు. క్యాన్సర్ తిరిగొచ్చిందనడానికి అది గుర్తూ కాదు. కనపడింది కదా అని రేపే ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన పని లేదు. కానీ ఇన్నేళ్లూ లేని ముడత ఈమధ్యే వచ్చినా, ఒక పక్కనే వచ్చినా, లోపల ఇంప్లాంట్ చిరిగిందేమో ఒకసారి చూడాలి. సెలైన్ అయితే, అంటే లోపల ఉప్పునీరున్నదైతే, చిరిగితే కొద్దిరోజుల్లోనే చదునైపోయి మీకే తెలుస్తుంది. సన్నగా కారుతుంటే మాత్రం మొదట కనిపించేది ముడతే. ఆ నీటిని ఒళ్లు పీల్చేసుకుంటుంది, దానివల్ల ప్రమాదమేమీ లేదు. సిలికాన్ జెల్ అయితే చిరిగినా బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అందుకే అమెరికాలో మందుల మీదా వైద్య పరికరాల మీదా అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, జెల్ ఇంప్లాంట్ పెట్టాక ఐదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించుకోమంటుంది. మనవాళ్లలో ఆ పని చేయించుకున్నవాళ్లు నాకు చాలా తక్కువ కనిపిస్తారు. ఆపరేషన్ అయిన రోజున ఇచ్చిన కార్డు కూడా ఎక్కడ పెట్టారో గుర్తుండదు.

ఆ కార్డు ముఖ్యం. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. ఇవాళ ఇంటికెళ్లగానే బీరువాలో వెతకండి. దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి రాసి రికార్డు అడగండి.

ఇప్పుడు ముడత ఎందుకొస్తుందో చూద్దాం. ఇంప్లాంట్ అంటే ఒక సిలికాన్ తొడుగు, దాని లోపల నీరో జెల్లో. నిండా లేని పాల ప్యాకెట్‌ని పై అంచు పట్టుకుని ఎత్తండి. పాలు కిందకి దిగుతాయి, పైన ప్లాస్టిక్ వదులై నిలువు గీతలు పడతాయి. మీరు నిలబడ్డప్పుడు లోపల జరిగేదీ అంతే. తొడుగు వదులుగా ఉంటే గీతలు ఎప్పుడూ ఉంటాయి. అవి పైకి కనిపించాలా వద్దా అన్నది, తొడుగుకీ చర్మానికీ మధ్య ఏముంది, ఎంత మందంగా ఉంది అన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఈ రెండో మాట గట్టిగా పట్టుకోండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "పాత ఇంప్లాంట్ తీసి కొత్తది పెట్టండి డాక్టర్‌గారూ, సరిపోతుంది" అంటారు. ఇంప్లాంట్ మారుతుంది నిజమే. దాని మీదున్న కప్పు, అంటే ఆ చర్మం, కొవ్వు, గ్రంథి, మారదు కదా! పెట్టించుకున్నప్పుడు ముప్ఫై ఏళ్లు, ఇప్పుడు యాభై రెండు. మధ్యలో పిల్లలు పుట్టారు, పాలిచ్చారు, నెలసరి ఆగింది, షుగరొచ్చి పది కిలోలు తగ్గారు. రొమ్ములో ఉండే గ్రంథి కుంచించుకుపోయింది, కొవ్వు పల్చబడింది, చర్మం సాగింది. ఇరవై ఏళ్లుగా ఇంప్లాంట్ బరువు లోపలి నుంచి నొక్కుతూనే ఉంది, దానికీ కండ పల్చబడుతుంది. అప్పట్లో కప్పేసిన ముడతనే ఇప్పుడు కప్పలేకపోతోంది. అలాంటివాళ్లకి ఇంప్లాంట్ ఒక్కటే మారిస్తే, వాపు తగ్గేదాకా బాగుంటుంది. తర్వాత మళ్లీ నా గది ముందే కూర్చుంటారు. [నవ్వులు]

క్యాన్సర్‌కి రొమ్ము మొత్తం తీసేసినవాళ్లకి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాళ్లకి గ్రంథే లేదు. చర్మం, దాని కింద పల్చటి కొవ్వు, అంతే మిగులుతుంది. ఈమధ్య ఇంప్లాంట్‌ని కండరం పైనే పెట్టే పద్ధతి బాగా వచ్చింది. నొప్పి తక్కువ, చెయ్యి కదిలిస్తే రొమ్ము ఎగరదు. కానీ ముడత కనిపించే అవకాశం అందులోనే ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పి చెయ్యాలి.

కొంచెం చరిత్ర చెబుతాను, మీ ఇంప్లాంట్ ఏ రకమో తెలుసుకోవడానికి పనికొస్తుంది. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు మొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు పెట్టారు. ముప్ఫై ఏళ్లు ఎక్కువగా అవే నడిచాయి. 1992లో వాటి భద్రత మీద సందేహాలు వచ్చి ఎఫ్‌డీఏ ఆంక్షలు పెట్టింది. అందం కోసం జెల్ పెట్టుకోవడం అక్కడ దాదాపు ఆగిపోయింది. మళ్లీ అనుమతి వచ్చింది 2006 నవంబరులో. ఇది మీకెందుకంటారా? సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో మనవాళ్లు అమెరికా వెళ్లింది సరిగ్గా ఆ మధ్యకాలంలోనే. అప్పుడు అక్కడ సైజు కోసం పెట్టించుకున్నావిడకి ఉన్నది చాలావరకు సెలైనే అయ్యుంటుంది. ముడతలు ఎక్కువ పడేదీ సెలైనే. అందులోనూ కంపెనీ చెప్పిన కొలత కంటే తక్కువ నీరు నింపితే మరీ ఎక్కువ. అలా మడత పడ్డచోటే తొడుగు అరిగి చిరుగుతుంది కూడా.

ఇంకో రకం ముడత ఉంది, దీన్ని చాలామంది గమనించరు. తొడుగు పైన గరుకుగా ఉండే టెక్స్‌చర్డ్ ఇంప్లాంట్లు చుట్టూ ఉన్న కండకి అతుక్కుంటాయి. పైన కప్పు పల్చగా ఉంటే, ఇంప్లాంట్ బరువుకి కిందకి దిగినప్పుడల్లా చర్మాన్ని లోపలికి లాగుతుంది. నిండుగా ఉన్న జెల్ ఇంప్లాంట్ మీద కూడా ఈ లాగుడు ముడత వస్తుంది. దీనికి నింపడం పనిచెయ్యదు. ఆ అతుకు విడిపించి నున్నటిది పెట్టాలి.

టెక్స్‌చర్డ్ మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. వీటితో ఒక అరుదైన లింఫోమాకి, అంటే లింఫ్ కణాల్లో వచ్చే క్యాన్సర్‌కి, సంబంధం ఉందని తేలింది. దాంతో 2019 జులైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఏ లక్షణమూ లేనివాళ్లు భయపడి తీయించుకోనక్కర్లేదని అప్పుడే ఎఫ్‌డీఏ చెప్పింది. నా అభిప్రాయం అడిగితే, ముడత కోసం ఎటూ ఆపరేషన్ చేయించుకుంటున్నప్పుడు ఆ రకాన్ని లోపల వదిలిపెట్టడంలో అర్థం లేదు. ఏళ్ల తర్వాత ఒక రొమ్ము ఉన్నట్టుండి వాచినా, నీరు చేరినా, గడ్డ తగిలినా ముడత సంగతి పక్కనపెట్టి ఆ వారమే చూపించుకోండి.

సరే, డాక్టర్ దగ్గరికి వెళ్లారు. పడుకోబెట్టి చూస్తే సరిపోదు. నిలబెట్టి చూడాలి, వంగమని చూడాలి, నడుము మీద చేతులు పెట్టి గట్టిగా నొక్కమని చూడాలి. ముడత వంగినప్పుడే వస్తోందా, నిటారుగా ఉన్నప్పుడు కూడా ఉందా? పైన లోపలి వైపా, కింద బయటి వైపా? పై భాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎంత మందం ఉందో కొలవాలి. రెండు సెంటీమీటర్ల కంటే తక్కువుంటే కప్పు చాలదని లెక్క. ఈ కొలత తియ్యకుండానే "జెల్ పెట్టేద్దాం" అన్న డాక్టర్ దగ్గర డబ్బు కట్టే ముందు ఇంకొకరికి చూపించుకోండి.

ఇప్పుడు దారుల్లోకి వద్దాం. మొదటిది ఇంప్లాంట్‌నే మార్చడం. సెలైన్ ఉన్నావిడకి జెల్‌కి మార్చడం నిజంగానే మేలు చేస్తుంది, కప్పు ఓ మోస్తరుగా ఉంటే. జెల్‌లో కూడా తేడాలున్నాయి. గట్టిగా పట్టుకునే జెల్, తొడుగు నిండా పోసిన రకం, వీటితో ముడత తగ్గుతుంది. దానికి మూల్యం చేతికి కాస్త గట్టిగా తగలడం. మెత్తగానూ ఉండాలి, ముడతా ఉండకూడదు అంటే కుదరదు. రెంటిలో ఏది కావాలో మీరే చెప్పాలి.

ఇక్కడ ఆడవాళ్లు ఒప్పుకోని మాట ఒకటి చెబుతాను. చాలాసార్లు సైజు తగ్గించడమే మంచి మందు. పెద్ద ఇంప్లాంట్ పెట్టి నింపేస్తే ముడత పోతుందనుకుంటారు. కొన్నాళ్లు పోతుంది కూడా. ఆ బరువు కప్పుని ఇంకా పల్చన చేస్తుంది, అయిదారేళ్లకి ఇప్పటికంటే ఎక్కువ ముడత కనిపిస్తుంది. అప్పటికి సరిచెయ్యడానికి కండే మిగలదు.

రెండోది చోటు మార్చడం. ఇంప్లాంట్ గ్రంథి కింద, కండరం పైన ఉంటే దాన్ని ఛాతీ కండరం కిందకి మార్చవచ్చు. కండరం ఒక కప్పులా పనిచేస్తుంది. అయితే ఆ కండరం కప్పేది పై భాగాన్నీ లోపలి వైపునీ. కింద బయటి వైపు, అంటే జాకెట్టు చంక దగ్గర చేతికి తగిలే చోట, కండరం ఉండదు. మీ ముడత అక్కడే అయితే ఇంత పెద్ద ఆపరేషన్ చేసినా అది అక్కడే ఉంటుంది. పైగా చెయ్యి బిగించినప్పుడల్లా రొమ్ము కదులుతుంది. బరువులెత్తేవాళ్లకి, యోగా చేసేవాళ్లకి ఇది చికాకు.

లోపల ఇంప్లాంట్ చుట్టూ ఒళ్లు కట్టుకునే పొర ఉంటుంది, క్యాప్సూల్ అంటాం. దాన్ని మొత్తం ఒలిచి తీసెయ్యాలని ఇప్పుడు ఇంటర్నెట్లో పెద్ద ప్రచారం నడుస్తోంది. లింఫోమా తేలినప్పుడు తియ్యాలి. చిరిగిన జెల్ అందులోకి ఇంకినా, రాయిలా గట్టిపడినా తియ్యాల్సి రావచ్చు. ముడత ఒక్కటే సమస్య అయితే ఆ పొర మనకి ఆస్తి. ఉన్న పల్చటి కప్పుకి అదే కాస్త మందాన్నిస్తోంది. దాన్నీ ఒలిచేస్తే ముడత ఇంకా బయటపడుతుంది. అవసరమైతే ఆ పొరనే వాడుకుని సంచీ కుట్టి బిగిస్తాం, లేదా దాని ముందు కొత్త చోటు చేస్తాం.

మూడోది కొవ్వు ఎక్కించడం. నాకు నమ్మకం ఎక్కువున్నది దీని మీద, ఎందుకంటే ఇది కప్పునే మందం చేస్తుంది. పొట్ట నుంచో తొడల నుంచో కొవ్వు తీసి, శుభ్రం చేసి, చర్మానికీ క్యాప్సూల్‌కీ మధ్య సన్నటి దారాల్లా కొద్దికొద్దిగా ఎక్కిస్తాం. ఒకేచోట ముద్దగా పెడితే దానికి రక్తం అందదు, చచ్చిపోతుంది. ఎక్కించినదంతా నిలవదు. మనిషిని బట్టి మూడోవంతు నుంచి సగం దాకా కరిగిపోతుంది, కొందరిలో ఇంకా ఎక్కువే. అందుకే ఒకసారితో అయిపోతుందని మాట ఇవ్వలేం. నిలిచింది ఎంతో తెలియడానికి కనీసం మూడు నెలలు ఆగాలి. బక్కగా ఉన్నవాళ్లకి తియ్యడానికి కొవ్వే దొరకదు, ముడతలు ఎక్కువుండేదీ వాళ్లకే. అదో తిరకాసు.

"రొమ్ములో కొవ్వు ఎక్కిస్తే క్యాన్సర్ కనిపెట్టడం కష్టమట కదా" అని ఒక చీటీలో ఉంది. ఊరికే వచ్చిన భయం కాదది. 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘమే వద్దంది. ఎక్కించిన కొవ్వు కొంత చచ్చిపోయి సున్నం పట్టినట్టవుతుంది, మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రేలో, చుక్కల్లా కనిపిస్తుంది. మామోగ్రామ్‌లు మెరుగుపడ్డాక, ఆ చుక్కలకీ క్యాన్సర్ చుక్కలకీ తేడా రేడియాలజిస్టులు చాలావరకు పట్టగలుగుతున్నారని తేలాక, 2009లో అదే సంఘం తన మాట మార్చుకుంది. కాబట్టి ఎక్కించే ముందు ఒక మామోగ్రామ్ తీయించి దాచుకోండి. తర్వాత ఎప్పుడు తీయించినా ఇంప్లాంట్ ఉందని, కొవ్వు ఎక్కించారని టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. ఇంప్లాంట్‌ని వెనక్కి నెట్టి విడిగా కొన్ని ఫొటోలు తియ్యాలి, చెప్పకపోతే తియ్యరు. క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు తమ క్యాన్సర్ డాక్టర్ సరేననకుండా ఇది చేయించుకోవద్దు.

ఇంకా షీట్లున్నాయి. దానం చేసిన మనుషుల చర్మం నుంచి గానీ, పంది చర్మం నుంచి గానీ కణాలన్నీ తీసేసి చేసిన పొర. ఇంప్లాంట్ మీద దుప్పటిలా పరిచి కుడితే ఒళ్లు నెమ్మదిగా దాన్ని కలుపుకుంటుంది. ధర బాగా ఎక్కువ, నీరు చేరడం, ఇన్ఫెక్షన్ లాంటి చిక్కులూ ఉన్నాయి. ఇది దేంతో చేసిందని అడిగే హక్కు మీకుంది. మా ఇళ్లలో ఒప్పుకోరండీ అని ఆపరేషన్ అయ్యాక బాధపడ్డవాళ్లున్నారు. చెప్పాల్సింది ముందే.

రేడియేషన్ తీసుకున్నవాళ్ల దారి వేరు. ఆ చర్మం గట్టిపడి, రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. దాని కింద ఇంప్లాంట్లు మారుస్తూ పోవడం కంటే, పొట్ట నుంచో వీపు నుంచో సొంత కండ తెచ్చి రొమ్ము చెయ్యడం మేలని నేను చాలామందికి చెబుతాను. పెద్ద ఆపరేషనే, కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఇంప్లాంట్ లేకుండా సొంత కండతోనే సరిపోతే మాత్రం తర్వాత ముడత గొడవా, ఎమ్మారై గొడవా ఉండవు.

తీయించేసుకోవడం కూడా ఒక దారే. దాన్ని ఓటమిలా చూడకండి. యాభై అయిదేళ్లావిడ "ఇక చాలు డాక్టర్‌గారూ" అంటే, తీసేసి, సాగిన చర్మాన్ని పైకెత్తి కుట్టి, వీలుంటే కొంచెం కొవ్వు పెడితే చాలు. రొమ్ము చిన్నదవుతుంది, మచ్చలుంటాయి. ఇవి రెండూ ఒప్పుకున్నవాళ్లు తర్వాత హాయిగానే ఉంటారు. ఒప్పుకోనివాళ్లకి నేనే వద్దంటాను.

డబ్బు సంగతి. అందం కోసం పెట్టించుకున్న ఇంప్లాంట్‌ని సరిచెయ్యడానికి మన ఇన్సూరెన్స్ ఇవ్వదు. క్యాన్సర్ తర్వాత పెట్టిందైతే అలా కాదు. మన ఆరోగ్య పాలసీల్లో ప్లాస్టిక్ సర్జరీని మినహాయించే షరతులోనే, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి వెసులుబాటు ఉంటుంది. మీ పాలసీ కాగితంలో ఆ పేరా వెతికి, డాక్టర్ ఉత్తరంలో "క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణంలో భాగం" అని రాయించి, ముందస్తు అనుమతి అడగండి. అమెరికాలో ఉన్న మీ అక్కచెల్లెళ్లకి చెప్పండి, అక్కడ 1998లో వచ్చిన చట్టం ప్రకారం, రొమ్ము తీసే ఆపరేషన్‌కి కవరేజీ ఇచ్చే ప్లాన్లు పునర్నిర్మాణం అన్ని దశలకీ ఇవ్వాలి.

ఇక ప్రశ్నలు. అడగండమ్మా.

[ప్రశ్న: నూనె మర్దనా చేస్తే, ఎక్సర్‌సైజులు చేస్తే తగ్గుతుందా?]

మర్దనాతో తొడుగు ముడత పోదమ్మా. ఇంప్లాంట్ కండరం పైనుంటే ఎక్సర్‌సైజుతో ఉపయోగం లేదు, కిందుంటే రొమ్ము ఇంకా కదులుతుంది. ఆరోగ్యం కోసం చెయ్యండి, దీనికోసం వద్దు. బరువు మాత్రం ఒక నిలకడకి వచ్చాకే ఆపరేషన్‌కి రండి. కొవ్వు ఎక్కించాక పది కిలోలు తగ్గితే అదీ కరిగిపోతుంది.

[ప్రశ్న: బ్యూటీ క్లినిక్‌లో ఇంజెక్షన్‌తో నింపేస్తామంటున్నారు.]

వద్దు. మొహానికి వేసే ఫిల్లర్‌ని రొమ్ములో వెయ్యకూడదు. సిలికాన్ ద్రవం ఇంజెక్షనైతే అసలే వద్దు. ఒళ్లంతా పాకుతుంది, రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. పైగా సూది ఇంప్లాంట్‌కి తగిలితే ఉన్నదీ పోతుంది.

[ప్రశ్న: పదేళ్లయితే ముడత ఉన్నా లేకపోయినా మార్చాల్సిందేనా?]

పదేళ్లకి ఎక్స్‌పైరీ డేటేమీ లేదు. జీవితకాలం ఉండే వస్తువులు కావు, పాతబడేకొద్దీ ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతవరకే నిజం. స్కానింగ్‌లో బాగుంది, మీకు బాధ లేదు అంటే ఉండనివ్వండి. ముడత వంగినప్పుడే కనిపిస్తోంది, మీకు తప్ప ఎవరికీ తెలియట్లేదు అంటే నేనైతే చెయ్యి పెట్టను.

[ప్రశ్న: మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఈలోపు కొవ్వు ఎక్కించుకోవచ్చా?]

ఇంకా ఎన్ని నెలలుంది? రెండే? అయితే ఆగండమ్మా. మొదటి వారాల్లో కమిలి, వాచి ఉంటుంది, కొవ్వు తీసిన చోట బిగుతు బట్ట కట్టుకుని తిరగాలి. పెళ్లి పనుల్లో అది కుదరదు. వాపుతో ఉన్న సైజుకి జాకెట్లు కుట్టిస్తే పెళ్లినాటికి వదులైపోతాయి. పెళ్లి చేసేసి, చైత్రంలో రండి. ఈలోపు మామోగ్రామ్ తీయించి, ఆ ఇంప్లాంట్ కార్డు వెతికి పెట్టుకోండి.